సూది పేరు చెప్పి ఏడ్చాను

పోయిన నెల ఆళ్లగడ్డ చర్చిలో ఆరాధన అయిపోయాక ఒక చిన్నది వచ్చి నా పక్కన కూచుంది. మొహం పాలిపోయి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకు గాలి తగలకుండా పక్కకు తిరిగి మాట్లాడింది. జబ్బేమిటని నేను అడగలేదు. ఆ కొంగు పట్టుకునే తీరు నాకు బాగా తెలుసు. జబ్బుకు తోడు కాన్పులో బిడ్డ కూడా పోయిందట. "టీచరమ్మా, మీరు అప్పట్లో ఎట్ల ఓర్చుకున్నారు? మీది శానా గొప్ప విశ్వాసమని అందరూ చెప్తాంటారు" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆ అందరి మీద. నేను ఏనాడు ఓర్చుకున్నాను? ఓర్చుకున్నట్టు కనిపించమని నా చుట్టూ ఉన్నవాళ్లు నన్ను కూచోబెట్టారు, అంతే. ఆ పిల్లకు అక్కడ నాలుగు మాటలు చెప్పాను గానీ తృప్తి కలగలేదు. ఇంటికొచ్చి అటూ ఇటూ తిరిగి, చివరికి కాగితాలు ముందేసుకున్నాను. ఇప్పుడు ఎనభైల్లో ఉన్నాం. మందులు మారాయి, జబ్బు తొందరగా లొంగుతోంది. ఏడ్చేవాళ్ల నోరు మూసే అలవాటు మాత్రం మా సంఘాల్లో అట్లాగే ఉంది.

డెబ్బై ఆరు, ఎండాకాలం

అప్పుడు మేం నంద్యాలలో ఉండేవాళ్లం. నేను మిషన్ బడిలో మూడో తరగతి టీచర్ని. నాకు మొదటినుంచీ ఒకచోట కుదురుగా కూచునే గుణం లేదు. క్లాసులో కుర్చీ నాకు దండగ. పిల్లల మధ్య తిరుగుతూనే పాఠం చెప్పేదాన్ని. అట్లాంటిదాన్ని బల్ల పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. దగ్గు వస్తే చాక్‌పీసు పొడి అనుకున్నాను. ఒకరోజు ఎక్కాలు చెప్పిస్తుంటే దగ్గు తెర వచ్చింది, రుమాలు తీసి చూసుకుంటే ఎర్రగా ఉంది. పిల్లలకు కనపడకుండా గుప్పిట్లో దాచుకుని పదమూడో ఎక్కం పూర్తి చేయించాను.

డాక్టరు నా ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పట్టి చూసి టీబీ అన్నాడు. నా వైపు చూడకుండా మా ఆయన్ని అడిగాడు: "ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? ముందు వాళ్లను దూరంగా పంపించండి."

మాకు ఒక్కతే కూతురు, సుజాత. రెండేళ్లు ఇంకా నిండలేదు. ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గరికి పంపాలని నిర్ణయమైంది. మా ఆయన ప్రకాశం బస్సు కండక్టరు, నంద్యాల–ఆళ్లగడ్డ రూటే ఆయనది. కాబట్టి తన బస్సులోనే తీసుకుపోయాడు. నేను వీధి గుమ్మం దగ్గర కొంగు నోటికి పెట్టుకుని చెయ్యి ఊపాను. ముద్దు పెట్టుకోవడానికి లేదు. పిల్ల ఏడవలేదు, బస్సెక్కుతున్నానని దాని సంతోషం దానిది. ఆ చెయ్యి ఊపడమే ఆఖరని నాకు తెలియదు.

నా మంచం వసారాలోకి మారింది. నా కంచం వేరు, గ్లాసు వేరు. లోపల మా అత్త ఎస్తేరమ్మ ఇల్లు నడిపేది. ఉయ్యాలవాడ సేద్యగాళ్ల ఇంటి మనిషి, మాట కరుకు, మనసు గట్టిది. జబ్బుదాన్నని ఒక్కరోజు కూడా నన్ను ఈసడించుకోలేదు. నేను ఉమ్మిన గిన్నె తనే కడిగేది. నేను వద్దంటే, "నువ్వు పుండుకో. తిరిగేదానికి నీ కాళ్లేం అరిగిపోతాండాయా?" అని కసిరేది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన. లోపల చాప మీద వాళ్లు, వసారాలో మంచం మీద నేను, మధ్యలో తెరిచిన తలుపు. అత్త ప్రార్థన పల్లెటూరి బస్సు లాంటిది, ఏ స్టేజీ వదలదు. కొడుకు, కోడలు, మనవరాలు, బేతంచెర్లలో కూతురు, అక్కడ బండల పాలీషు పనిచేసే అల్లుడు, ఆఖరికి ఈనబోయే బర్రె, అందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. సుజాత వంతు వచ్చేసరికి ఆమె గొంతు మెత్తబడేది. "నాయనా, మా సుజాతమ్మను సల్లగా చూడు. దాన్ని దాని అమ్మ ఒడిలోకి బేగా తెచ్చియ్యి తండ్రీ." నేను ఆ ఒక్క మాట కోసం రోజంతా కాచుకుని ఉండేదాన్ని. నా జబ్బు గురించి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. అత్త అడుగుతోంది కదా, నేను పిల్లను అడుగుదాం అనుకున్నాను.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక పిల్ల వార్త చెప్పేవాడు. ఆయన మాటల పొదుపు మనిషి. "బాగుంది. తినింది. ఆడుకుంటాంది." అంతే. ఇంకా ఏదైనా చెప్పమని నేను పోరితే, "విగ్రహాలు చెక్కేటోళ్ల కాడ కూచోనుంది. టకటక కొడతాంటే నవ్వుతాంది" అనేవాడు. ఆ నవ్వు తలుచుకుని మాత్రలు మింగేదాన్ని.

అదే సంవత్సరం, వానలు పడ్డాక

ఒకరోజు ఆయన డ్యూటీకి పోయి మర్నాటి దాకా రాలేదు. బస్సు చెడిపోయిందన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్మన్నాడు. వానలు పడుతుంటే దుమ్మేమిటని అడగబోయి, దగ్గు వచ్చి ఊరుకున్నాను.

ఆ తర్వాత ఇంట్లో రెండు మార్పులు వచ్చాయి. ఆయన వార్తలు పొడుగయ్యాయి, అత్త ప్రార్థన పొట్టిదైంది. ఆయన అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. పిల్ల నీలం గౌను వేసుకుందట, పప్పన్నం తిని ఇంకా పెట్టమందట, విగ్రహాలు చెక్కే ఆయన దానికి చిన్న రాతి ఏనుగునిచ్చాడట. ఇంత మాటకారితనం ఎక్కడినుంచి వచ్చిందా అని నేను సంతోషించాను కూడా. వెర్రిదాన్ని.

ఇక అత్త. ప్రార్థనలో కొడుకు పేరు చెప్పింది, నా పేరు చెప్పింది, నేరుగా బేతంచెర్ల కూతురి పేరుకు పోయింది. పిల్ల పేరు రాలేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను. బర్రెను కూడా మరవని మనిషి! మర్నాడు చెవులు రిక్కించి విన్నాను. మళ్లీ రాలేదు. మూడోరోజు ప్రార్థన మొదలయ్యే ముందే మంచం మీద లేచి కూచున్నాను. ఆమె నా పేరు దాటి ఒక్క క్షణం ఆగింది, ఊపిరి పీల్చుకుంది, కూతురి పేరందుకుంది.

నేను మంచం దిగి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. నేను ఆ గుమ్మం దాటకూడదు, అయినా వచ్చాను.

"అత్తా, పిల్ల పేరు ఇడిసిపెట్టినావు."

ఆమె కళ్లు తెరవలేదు. "మర్చిపోయినాలేమ్మా."

"అయితే ఇప్పుడు చెప్పు."

"రేపు చెప్తాలే. నువ్వు పోయి పుండుకో."

"రేపొద్దు. ఇప్పుడే చెప్పు. కండ్లు మూసుకోనే ఉండావు గదా, దేవునితో చెప్పు. సుజాతను సల్లగా చూడమను. నా ఒడిలోకి తెచ్చియ్యమను."

మా ఆయన లేచి, "పిల్ల బాగుంది. పొద్దున గూడా చూసొచ్చినా. ఎందుకిట్ల చేస్తాండావు?" అన్నాడు. ఆయన వైపు నేను చూడలేదు. అత్తనే చూస్తున్నాను. ఆమె చేతులు జోడించింది. "నాయనా" అంది. పెదవులు కదిలాయి. మళ్లీ "నాయనా" అంది. అంతకుమించి రాలేదు. కొంగు గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుని చాప మీద ముందుకు వంగిపోయింది. నాకు అబద్ధం చెప్పగలిగింది గానీ దేవుడి ముందు చెప్పలేకపోయింది. అట్లా తెలిసింది నాకు, నా బిడ్డ లేదని.

తట్టు పోసిందట. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయట. మా ఆయన రాని ఆ రోజే భూస్థాపన కూడా అయిపోయిందట.

"చెప్తే నీ జబ్బు తిరగబెడ్తాదని డాక్టరన్నాడు" అని ఆయన గోడకు ఆనుకుని అన్నాడు. "ఒగర్ని పోగొట్టుకున్యా. ఇద్దర్ని ఎట్ల పోగొట్టుకునేది? రోజూ ఆ ఈది ముందర బస్సు ఆపి, టికెట్లు కొట్టి, ఈడికొచ్చి నీకు ఏనుగు కతలు చెప్తాండా. నాకేమన్నా సంతోషమా?" ఆ రోజు నాకు ఆ మాట చెవిలోకి కూడా పోలేదు. చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. ఆయన బతిమాలుకుని రూటు మార్పించుకున్నాడు, బేతంచెర్ల బస్సు ఎక్కాడు.

పేరు బయటపడిన ఆ రాత్రే ఎవరో పోయి పాస్టరయ్యగారిని పిలుచుకొచ్చారు. మంచి మనిషే, నన్ను చూసి ఆయన కళ్లు కూడా చెమర్చాయి. కానీ ఏం చెయ్యాలో ఆయనకు ఒక్కటే తెలుసు. "బిడ్డ ప్రభువు దగ్గర భద్రంగా ఉందమ్మా. ఏడవగూడదు. మనం నిరీక్షణ లేనివాళ్లం కాదు, పరలోకంలో మళ్లీ కలుస్తామన్న ఆశ ఉన్నవాళ్లం. స్తోత్రం చెప్పు" అన్నాడు. చుట్టూ సంఘం ఆడవాళ్లు నా నోటి వైపు చూస్తున్నారు. "స్తోత్రం" అన్నాను. క్లాసులో పేరు పిలిస్తే పిల్లలు ప్రెజెంట్ అన్నట్టు. అందరూ తెరిపిన పడ్డారు. ఆ మాటే తర్వాత నా గొప్ప విశ్వాసమై ఆళ్లగడ్డ దాకా పాకింది.

మా వాళ్లలో ఇదొక పట్టింపు. చావింట్లో గుండెలు బాదుకోగూడదు, పేరు పెట్టి శోకాలు తీయగూడదు, పాటలు పాడాలి. పక్కింటివాళ్లకూ మనకూ తేడా తెలియాలి కదా! పక్కింటి రత్నమ్మ, కిరాణా అంగడి శెట్టిగారి భార్య, విషయం తెలిసి వసారా మెట్ల మీదే కూలబడి, "అయ్యో నా బంగారు తల్లీ, యాడికి పోయినావే" అని బావురుమంది. అత్త లోపలినుంచి వచ్చి, "మా ఇండ్లల్లో అట్ల ఏడ్సరు రత్నమ్మా" అంది. రత్నమ్మ ముక్కు చీదుకుని, "ఏందక్కా, మీ దేవుడు ఏడిస్తే కొడతాడా ఏంది?" అంది. అత్త లోపలికి పోయింది. నేను మంచం మీద కూచుని రత్నమ్మను చూసి అసూయపడ్డాను. నా బిడ్డకు ఆవిడ ఏడవవచ్చు, నేను ఏడవగూడదు.

డెబ్బై ఏడు, ఆసుపత్రి బెంచీ

నా రోజు సూది మందు చుట్టూ తిరిగేది. ఆసుపత్రి వెనక వరండాలో పొడుగు బెంచీ ఒకటి. మా జబ్బువాళ్లంతా దాని మీద ఒకరికొకరు ఎడం జరిగి కూచునేవాళ్లం. అందరి నోళ్లకూ గుడ్డలు. నేను కూచోలేక లేచి తిరిగేదాన్ని. వరండా ఈ చివరినుంచి ఆ చివరికి, మళ్లీ ఇటు. ఒక ముసలాయన, "కూచో తల్లీ, నిన్ను చూస్తాంటే నాకు దమ్మొస్తాంది" అని తన తువ్వాలు పరిచి చోటు చూపించేవాడు. ఆయన మాట తీసెయ్యలేక కూచుని, కాలు ఊపుతూ ఉండేదాన్ని. సూదికి చెవుల్లో గుయ్యిమని మోత, లేస్తే తల దిమ్ము. నోట్లో ఎప్పుడూ మాత్రల చేదు.

ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకుంటే కోపం తప్ప ఏమీ రాదు. అమ్మో, దేవుడి మీద కోపమా అని వెంటనే కళ్లు తెరిచేదాన్ని. ఇంట్లో సాయంత్రం అందరితో పాటు పెదవులు కదిపేదాన్ని. అన్నం దిగేది కాదు. బరువు పెరగడం లేదని డాక్టరు విసుక్కునేవాడు.

సూది వేసే సిస్టరు గుంటూరు వైపు మనిషి. నా బిడ్డ సంగతి ఎవరి దగ్గర విన్నదో తెలియదు. ఒకరోజు గది తలుపు దగ్గరికి వేసి, సూది వేసేసి, దూదితో నొక్కుతూ మెల్లగా అంది: "ఏడవాలంటే ఏడవండమ్మా. బయటివాళ్లు సూదికి ఏడ్చారనుకుంటారు."

నేను ఆమె మొహం వంక చూశాను. హాస్యం కాదు. ఆ బల్ల అంచు పట్టుకుని ఏడ్చాను. నోరు తెరిచి ఏడ్చాను. సుజాతా అని పిలిచాను. ఆమె ఏ ఓదార్పు మాటా చెప్పలేదు, నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. బయటికొస్తే ముసలాయన జాలిగా చూసి, "మొండి సూది పడినాదా తల్లీ" అన్నాడు. అవునన్నాను. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆకలైంది.

అప్పటినుంచి సూది కోసం ఆత్రంగా పోయేదాన్ని. లోకంలో సూది కోసం ఎదురుచూసిన రోగిని నేనొక్కదాన్నేనేమో. ఆ సిస్టరు డ్యూటీ లేని రోజు నాకు పిచ్చెక్కినట్టుండేది. దొడ్లో బట్టలు ఉతికినవే మళ్లీ ఉతికేదాన్ని.

డెబ్బై ఎనిమిది, కృతజ్ఞత కూడిక

కొత్త ఫోటో తీసి చూసి డాక్టరు మొదటిసారి నవ్వాడు. జబ్బు పోయింది, సూదులు ఇక అక్కర్లేదన్నాడు. మా ఆయన చేతిలో చెయ్యి వేసి ఊపాడు. నాకు మాత్రం ఆ సూది గది గుర్తొచ్చింది. ఇంక నేను ఎక్కడ ఏడవాలి?

మా ఇళ్లలో జబ్బు నయమైతే కృతజ్ఞత కూడిక పెట్టడం ఆనవాయితీ. అత్త ఆ ఏర్పాట్లలో పడింది. వాకిలి నిండా చాపలు పరిచారు, బూందీ చేయించారు, సంఘమంతా వచ్చింది. రత్నమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూచుంది. ఆళ్లగడ్డనుంచి మా అమ్మ వచ్చింది. పిల్ల పోయాక నా కళ్లలోకి సూటిగా చూడటం మానేసింది అమ్మ. తనకు అప్పజెప్పిన బిడ్డ కదా. ఆ రోజు కూడా వంటింట్లోనే పని కల్పించుకుని తిరిగింది. పాటలయ్యాయి. పాస్టరయ్యగారు, "ఇప్పుడు మన టీచరమ్మ తన సాక్ష్యం చెప్పి ప్రార్థన చేస్తుంది" అన్నారు.

లేచి నిలబడ్డాను. సాక్ష్యం ఎట్లా చెప్పాలో నాకు తెలుసు, ఎన్ని విన్నాను! చావు ముఖంలోనుంచి లేపిన దేవునికి వందనాలు అని మొదలుపెట్టాలి. నోరు తెరిచాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. వీళ్ల ముందు ఇంకోసారి ఆ ప్రెజెంట్ లాంటి స్తోత్రం చెప్పానంటే, ఇక జన్మలో దేవుడితో మాట్లాడలేనని భయమేసింది. నిజంగా భయమేసింది, రక్తం పడ్డనాటికంటే ఎక్కువగా. సాక్ష్యం వదిలేసి కళ్లు మూసుకున్నాను.

"నాయనా, నన్ను బతికించినావు. సరే. నేనడిగింది నన్నా? రోజూ ఆ మంచం మీద పుండుకోని నేను ఎవర్ని అడిగినా? నా పేరు ఒక్కసారన్నా ఎత్తినానా? నా బిడ్డను అడిగినా. దాన్ని తీసుకోని నన్ను ఇడిసిపెట్టినావు."

ఎవరో గొంతు సవరించుకున్నారు. నేను ఆగలేదు.

"స్తోత్రం చెప్పమన్నారు, చెప్పినా. అది అబద్ధం. నీకు తెల్దా అది అబద్ధమని? నాకు నీ మీద కోపం నాయనా. శానా కోపం. దానికి జరం కాస్తాంటే నీళ్లడిగింటాది. అమ్మా అనింటాది. నేను ఆడ లేను. నువ్వన్నా ఉండావా ఆడ? ఉండింటే దాని నెత్తి మీద చెయ్యన్నా పెట్టినావా? నాకు చెప్పు. నాకింగ ఓపిక లేదు, చెప్పు. నీ కాడికి రాకుండా నేను యాడికి పోయేది? ఎవరికి చెప్పుకునేది? నువ్వు కోప్పడినా సరే, నేను ఏడుస్తా. నా బిడ్డ నాయనా అది. నా బిడ్డ."

ఇంక మాటలు లేవు. ప్రార్థన ముగించే వాక్యం నాకు గుర్తు రాలేదు. అట్లాగే నిలబడ్డాను. మామూలుగా అయితే అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అనాలి. ఎవ్వరూ అనలేదు. ఎట్లా అంటారు? అట్లాంటి ప్రార్థనకు ఆమేన్ అంటే దేవుణ్ణి తిట్టినదానికి వంత పాడినట్టు కదా. కళ్లు తెరిచి చూస్తే పాస్టరయ్యగారు తల దించుకుని ఉన్నారు. సంఘ పెద్ద ఒకాయన లేవబోయి మళ్లీ కూచున్నాడు. మా ఆయన స్తంభానికి మొహం ఆనించుకున్నాడు. అయిపోయింది, ఈ చాపల మీద ఇంక నాకు చోటు లేదనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల మధ్యలోనుంచి మా అత్త లేచింది. మోకాళ్ల నొప్పుల మనిషి, పక్కామె భుజం పట్టుకుని లేచింది. నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, తల పైకెత్తి, ఊరంతా వినపడేటట్టు "ఆమేన్" అంది.

అని, నా భుజం మీద పడి గుండెలు బాదుకుని ఏడ్చింది. వంటింట్లోనుంచి మా అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి మా ఇద్దర్నీ పట్టుకుంది.